చెవికెక్కిన కోతికొమ్మచ్చి



ధవళేశ్వరంలో ఒక పెద్ద మేడ. కింది వాటాలో ఆనకట్ట ఆఫీసు ఉద్యోగి సింహాచలం గారి కాపురం. పై వాటాలో భజనలు, హరికథలు, వేదాంత గోష్ఠులు. 1931 జూన్ 28న ఆ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు పుస్తకం చేతపట్టక ముందే కథ వినడం నేర్చుకున్నాడు. భజన మొదలైతే తానూ వెళ్ళి గొంతు కలిపేవాడు. పెట్టిన పేరు వెంకటరావు. మనకు తెలిసిన పేరు ముళ్ళపూడి వెంకటరమణ.

డెబ్భై అయిదేళ్ళు దాటిన వయసులో రమణ గారు తన జీవితాన్ని స్వాతి వారపత్రికలో ధారావాహికగా రాశారు. అది కోతికొమ్మచ్చి, ఇంకోతికొమ్మచ్చి, ముక్కోతికొమ్మచ్చి అని మూడు పుస్తకాలయింది. ఆ తర్వాత కోతికొమ్మచ్చి చెవితో చదువుకునే పుస్తకంగా కూడా వచ్చింది. దాన్ని మనకు చదివి వినిపించినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మన బాలు గారు. నేను ఆ పుస్తకాన్ని మొదట కంటితో చదివాను, చాలాకాలానికి చెవితో విన్నాను. రెండోసారి దొరికింది మొదటిసారి దొరికిన పుస్తకం కాదు. ఎందుకు కాదో చెప్పాలని ఈ ప్రసంగం.

మన సినిమావాళ్ళ ఆత్మకథలు తక్కువేమీ లేవు. గుమ్మడి గారి ‘తీపి గుర్తులు చేదు జ్ఞాపకాలు’, భానుమతి గారి ‘నాలో నేను’, గొల్లపూడి మారుతీరావు గారి ‘అమ్మ కడుపు చల్లగా’, జమున గారి ‘జమునాతీరం’. అంతకు ముందు రంగస్థలం నుంచి స్థానం నరసింహారావు గారి ‘నటస్థానం’. వీటిలో ఏది తెరిచినా ఒక సుఖం ఉంది. గుమ్మడి గారి వాక్యం చదువుతుంటే ఆ మెత్తటి, బరువైన గొంతు పిలవకుండానే వచ్చేస్తుంది. భానుమతి గారి పేజీలో ఆ దర్జా వినిపిస్తూనే ఉంటుంది. నటులు రాసిన పుస్తకాలకు గొంతు మన జ్ఞాపకంలో ముందే ఉంది. గొల్లపూడి వారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇరవయ్యేళ్ళ పాటు ఆకాశవాణిలో పనిచేసి, ఆ తర్వాత 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో తెరమీదికి వచ్చిన మనిషి. రేడియో మనిషి రాసిన వాక్యం ఎప్పుడూ మైకు ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

రమణ గారి విషయం అలా కాదు. ఆయన సినిమా రచయితగా తెర వెనకాలే ఉండిపోయారు. ఆయన మాటలు మనకు కంఠస్థం, ఆయన గొంతు మనలో చాలామందికి తెలియదు. తెలిసిన గొంతులన్నీ ఆ మాటలు పలికినవాళ్ళవి. ఆయన మాటలు రాసిన ముత్యాలముగ్గు 1975లో వచ్చింది. అందులో కాంట్రాక్టరుగా వేసిన రావు గోపాలరావు గారు కాకినాడ వైపువారు, పక్కన అల్లు రామలింగయ్య గారు పాలకొల్లువారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే మన గోదావరి డెల్టాలో ఏ కాలవ గట్టు మీదైనా వినబడే మాటతీరే. మన ఊళ్ళల్లో పెళ్ళిపందిట్లో మైకు సెట్టు పెడితే పాటల మధ్య ఆ సినిమా మాటల రికార్డు మోగేది. సినిమా చూడనివాళ్ళకి కూడా ఆ డైలాగులు నోటికి వచ్చేవి. మీకు గుర్తుండే ఉంటుంది, ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు. మూడు గంటల సినిమాను గంటకు కుదించి, బొమ్మ లేకుండా వినిపించేవారు. ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరి, ఎవరి బొమ్మ వాళ్ళే మనసులో గీసుకునేవారు. బొమ్మ తీసేసినా నిలబడిన సినిమాలంటే రచయిత బలం ఉన్న సినిమాలే.

జీవితమంతా తన మాటల్ని ఇంకొకరి నోట పెట్టిన మనిషి రమణ గారు. ఆయన సొంత కథ కూడా ఇంకొకరి నోటి మీదుగానే మన చెవికి చేరడం నాకు చాలా సబబుగా అనిపించింది.

ఆ నోరు ఎవరిది అన్నది కూడా చూడాలి. బాలు గారిని మనం పాటగాడిగానే తలుచుకుంటాం. ఇక్కడ పనికొచ్చింది ఆయన రెండో విద్య. మన్మథలీల దగ్గర్నుంచి ఎన్నో సినిమాల్లో కమల్ హాసన్ గారికి తెలుగు గొంతు ఇచ్చింది ఆయనే. దశావతారంలో ఒక్క సినిమాలోనే ఎన్నో పాత్రలకు గొంతులు మార్చారు. అన్నమయ్యలో సుమన్ గారు వేసిన వేంకటేశ్వరుడు పలికింది బాలు గారి గొంతుతోనే. ఎదుటి మనిషి పెదవి కదలికను, ఊపిరిని పట్టుకుని, తన ఉనికిని వెనక్కి నెట్టి పలకడం డబ్బింగు విద్య. ఇంకో సంగతి. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతులు. పై వాటాలో హరికథ వింటూ పెరిగిన పిల్లవాడి పుస్తకాన్ని హరికథ చెప్పే ఇంట్లో పుట్టిన పిల్లవాడు చదివాడు. హరికథకుడికి తెలిసిన రహస్యం ఒకటుంది. కథలో ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు తాను ఏడవకూడదు, పిట్టకథ చెప్పి నవ్వించి, ఆ నవ్వు ఇంకా సద్దుమణగక ముందే అసలు మాట అనేయాలి. రమణ గారి రచనంతా ఈ పద్ధతే. దాన్ని ఎలా పలకాలో బాలు గారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను మొదట అన్న మాటకి వస్తాను. కంటితో చదివినప్పుడు నాకు కోతికొమ్మచ్చి నవ్వుల పుస్తకం. పేజీకి పది చమత్కారాలు. ఒక శ్లేష అయ్యేలోగా కన్ను పక్క శ్లేష మీదికి గెంతుతుంది. నవ్వుకుంటూ, ఆ నవ్వు వేగంలో కింది వాక్యాలను దాటుకుంటూ వెళ్ళిపోతాం. కన్నుకి ఆ స్వేచ్ఛ ఉంది. చెవికి లేదు. చదివే మనిషి ఎంతసేపు ఆగితే చెవి కూడా అంతసేపూ ఆగాల్సిందే.

అలా ఆగినప్పుడు వినపడింది ఆదిలక్ష్మమ్మ గారి కథ. రమణ గారి తల్లి. చిన్న వయసులో భర్త పోయాడు. ఆనకట్ట ఆఫీసు జీతం మీద నడిచిన ఇల్లు ఒక్కసారిగా కూలింది. పిల్లలను పెట్టుకుని మద్రాసు బయల్దేరింది. ప్రెస్సులో పనిచేసింది. విస్తళ్ళు కుట్టింది. నలుగురినీ పోగుచేసి హిందీ పాఠాలు చెప్పింది. తనలాగే భర్తలు పోయిన ఆడవాళ్ళను కూడగట్టి సంఘాలకు ఊపిరి పోసింది. 1940ల నాటి మద్రాసులో, గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక బ్రాహ్మణ వితంతువు ఇవన్నీ చెయ్యడమంటే ఏమిటో ఆలోచించండి. వంటింటి గడప దాటితేనే నోళ్ళు లేచే కాలం అది.

రమణ గారు ఈ కష్టాన్ని కష్టంగా రాయలేదు. ఆకలి గురించి రాసిన చోట కూడా ఒక చమత్కారం పెట్టారు. కన్ను ఆ చమత్కారం దగ్గర నవ్వి ముందుకు పోతుంది. గొంతు అక్కడ నవ్వించి, ఆ తర్వాత వాక్యం చివర చిన్నగా ఆగుతుంది. ఆ ఆగిన జాగాలోనే ఆకలి తెలుస్తుంది. అక్కడ నేను వింటున్నది ఆపి, కాసేపు ఊరుకున్నాను. ఆ ఘట్టం నేను చదివిందే, అందులో ఒక్క మాట కూడా కొత్తది కాదు.

తల్లి కథ ఇలా విన్నాక రమణ గారి సినిమా జీవితంలోని ఒక విషయం కూడా నాకు వేరేగా అర్థమయింది. ఆంధ్రపత్రికలో బుడుగు రాసి, ఋణానందలహరి రాసి, రాజకీయ బేతాళ పంచవింశతిక రాసి నవ్వుల రచయితగా ముద్రపడ్డ మనిషికి సినిమాల్లో మొదట దక్కినవాటిలో ఒకటి రక్తసంబంధం. 1962. ఎన్టీఆర్, సావిత్రి అన్నాచెల్లెళ్ళు. హాలంతా కొంగులు తడిసిన సినిమా. నవ్వించేవాడి చేత ఏడుపు సినిమా ఎలా రాయించారా అని అప్పట్లో ఆశ్చర్యపోయినవాళ్ళు ఉండే ఉంటారు. తల్లి విస్తళ్ళు కుడుతుంటే పక్కన కూర్చుని చూసిన పిల్లవాడికి ఆ సినిమా రాయడం కష్టమైన పని కాదు.

ఈ పుస్తకం రేడియోకి కూడా చుట్టమే. రమణ గారి మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’. అచ్చయింది 1945లో, ‘బాల’ పత్రికలో. ఆ పత్రిక నడిపినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. అంటే మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మద్రాసు రేడియోలో పిల్లలను పోగేసి పాడించిన, మాట్లాడించిన ఆ దంపతులే ధవళేశ్వరం పిల్లవాడి చేతికి కలం కూడా ఇచ్చారు. మద్రాసు పి.ఎస్. హైస్కూల్లో ఆయనకు దొరికిన స్నేహితుడు సత్తిరాజు లక్ష్మీనారాయణ, మన బాపు గారు. నరసాపురంలో పుట్టినవారు. గోదావరి పాయలుగా చీలే ధవళేశ్వరం ఒకరిది, ఆ పాయల్లో ఒకటైన వశిష్ఠ, సముద్రానికి చేరువయ్యే నరసాపురం ఇంకొకరిది. ఇద్దరూ కలుసుకోవడానికి మద్రాసు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

కలిశాక సినిమాలు తియ్యడానికి మళ్ళీ మన గోదావరి ఒడ్డుకే వచ్చారు. బాపు గారి మొదటి సినిమా సాక్షి, 1967లో వచ్చింది, తీసింది పులిదిండిలో. ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. సెట్టు వెయ్యకుండా, ఊరిని ఊరుగానే చూపించారు. 1973లో అందాల రాముడు. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద పడవలో సాగే కథ. పాపికొండల మధ్య ఆ ప్రయాణం ఇవాళ పర్యాటకుల బోట్ల మీద చేస్తున్నవాళ్ళలో ఎంతమందికి ఆ సినిమా గుర్తొస్తుందో. నాకు మాత్రం ఆ మలుపుల దగ్గర కొండలకంటే ముందు మాటలే గుర్తొస్తాయి. అంతకుముందే 1964లో మూగమనసులు. తీసిన ఆదుర్తి సుబ్బారావు గారు రాజమండ్రివారు. ఆ సినిమా రచనలోనూ రమణ గారి చెయ్యి ఉంది.

పుస్తకం నడక గురించి ఒక మాట. పుట్టుకతో మొదలై వరసగా సాగే జీవితకథ కాదిది. పేరుకు తగ్గట్టు కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతుతుంది. ఎన్టీఆర్ గురించి చెబుతూ చెబుతూ మద్రాసు బడి దగ్గరికి, అక్కడి నుంచి ఏదో అప్పు దగ్గరికి, అక్కడి నుంచి మళ్ళీ షూటింగుకి. అచ్చులో చదివినప్పుడు ఈ గెంతులు కొందరిని తికమక పెట్టాయని విన్నాను. వెనక్కి తిప్పి, ఇది ఏ సంవత్సరం, ఎవరీయన అని వెతుక్కోవాల్సి వస్తుంది. వింటున్నప్పుడు ఆ ఇబ్బంది నాకు కలగలేదు. ఎందుకంటే మన పెద్దవాళ్ళు మాట్లాడేది ఇలాగే. భోజనాలయ్యాక అరుగు మీద చేరగిలబడి తాతయ్య ఒక కథ మొదలుపెడితే అది సరాసరి ఎప్పుడైనా కొసకి చేరిందా? పుష్కరాల నాటి తొక్కిసలాటలో మొదలై, మేనమామ పెళ్ళి మీదుగా, కోర్టులో ఉన్న కొబ్బరితోట దాకా వెళ్ళి, మనం మర్చిపోయాక మళ్ళీ పుష్కరాల రేవుకి వస్తుంది. రమణ గారు ఆ అరుగు మాటనే అచ్చులో పెట్టారు. బాలు గారు మళ్ళీ అరుగు మీదికి తెచ్చారు.

వినడంలో పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి. మొదటిది బాపు గారి బొమ్మలు. రమణ గారి వాక్యం పక్కన బాపు గారి గీత లేకపోతే ఏదో వెలితిగానే ఉంటుంది. ఆ అక్షరాల ఒంపు, పేజీ మూలలో నవ్వుతూ చూసే మొహం, ఇవి చెవికి అందవు. రెండోది, అక్షరం మార్చి చేసిన చమత్కారాలు కొన్ని. చూస్తే నవ్వొచ్చేవి వింటే జారిపోతాయి. మూడోది యాస. బాలు గారు నెల్లూరు వైపువారు. ఆయన తెలుగు ఎంత స్వచ్ఛమైనదైనా, గోదావరి మాట చివర ‘అండీ’ లేచే తీరు, ‘ఆయ్’ అన్నప్పుడు గొంతులో వచ్చే ఆ మర్యాద, ఇక్కడి నీళ్ళు తాగిన చెవికి కాస్త తేడా తెలుస్తుంది. నేను దీన్ని లోపంగా ఎంచడం లేదు. తల్లి కథ దగ్గర ఆయన ఇచ్చినదాని ముందు ఇది చిన్న విషయం. కానీ ఆత్రేయపురం, అమలాపురం వైపు మనిషి ఎవరైనా ఈ పుస్తకాన్ని ఇంకోసారి చదివి వినిపిస్తే బాగుండునన్న కోరిక మాత్రం మిగిలింది.

వినేవాళ్ళకు ఒక విన్నపం. ఇప్పుడు ఫోన్లలో వేగం పెంచుకునే మీట ఉంటుంది. ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. పాఠాలకు, వార్తలకు పనికొస్తుందేమో. ఇలాంటి పుస్తకానికి పెట్టకండి. రేడియోలో పనిచేసినవాళ్ళని అడగండి, మాటకీ మాటకీ మధ్య ఉండే నిశ్శబ్దం కోసం ఎంత కసరత్తు చేస్తారో చెబుతారు. వేగం పెంచితే ముందు నలిగిపోయేది ఆ నిశ్శబ్దమే. నేను చెప్పిన ఆకలి ఉన్నది దాంట్లోనే.

వినే పుస్తకాలు ఇవాళ తెలుగులో బాగానే వస్తున్నాయి. దాసుభాషితం లాంటి వేదికలు తెలుగు పుస్తకాలనే నమ్ముకుని నడుస్తున్నాయి. అమెరికాలో ఉంటూ కౌముది పత్రిక నడిపే కిరణ్ ప్రభ గారు మన నటీనటుల జీవితాలను గంటల తరబడి టాక్ షోలుగా చెబుతుంటే, అక్కడ కారు నడుపుతూ వినేవాళ్ళూ ఉన్నారు, ఇక్కడ వంట చేసుకుంటూ వినేవాళ్ళూ ఉన్నారు. మన డెల్టాలోనే చూడండి. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రంతా కాపలా ఉండేవాళ్ళున్నారు. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి చెరువంతా పోతుంది, కాబట్టి కన్ను నీళ్ళ మీదే ఉండాలి. ఖాళీగా ఉండేది చెవి ఒక్కటే. కంటిలో పువ్వు ముదిరి, ఇష్టమైన పుస్తకం అలమరలో ఉన్నా చదవలేని పెద్దవాళ్ళు ఇంటికొకరున్నారు. వాళ్ళకు ఇది కాలక్షేపం కాదు. పోయిందనుకున్న చదువు తిరిగి రావడం.

చూపు మాట వచ్చింది కాబట్టి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని తలుచుకోకుండా ఉండలేను. 1867లో ఖండవల్లిలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. పోను పోను చూపు పూర్తిగా పోయింది. అయినా రచన ఆగలేదు. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాశారు. అంటే ఆ పుస్తకాలు పుట్టింది గొంతులోనే. ఆయన గణపతి నవల రేడియో నాటకంగా ఎంత నవ్వించిందో పాత శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన ‘స్వీయచరిత్రము’ మాత్రం ఇవాళ్టి పిల్లలకు అందడం లేదు. అందులో గోదావరి ఒడ్డున తెలుగు నాటకం పెరిగిన కథంతా ఉంది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రిలో నాటక సమాజం నడపడం, వాళ్ళకోసం చిలకమర్తి వారు గయోపాఖ్యానం వంటి నాటకాలు రాసివ్వడం, ఆ సమాజంలో వేషాలు కట్టిన కుర్రాళ్ళలో టంగుటూరి ప్రకాశం కూడా ఉండడం. తర్వాత ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం గారే.

చిలకమర్తి వారు 1946లో కాలం చేశారు. మన దేశంలో కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవయ్యేళ్ళకు ఆ రచన అందరిదీ అవుతుంది. 2006తో ఆ గడువు తీరింది. కాబట్టి ఆ స్వీయచరిత్రాన్ని వినే పుస్తకంగా చెయ్యడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఎవరికీ పైకం కట్టనక్కర్లేదు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి పాత గ్రంథాలయాలు మనకున్నాయి. బాగా చదవగల మాస్టార్లున్నారు. పద్యం రాగం తీసి చదవగల రంగస్థల నటులు కోనసీమలో, రాజమండ్రిలో ఇంకా ఉన్నారు. ఆ భాష కొంచెం పాతది, వాక్యాలు పొడుగు, సంధులు ఎక్కువ. కంటికి భయం వేస్తుంది. గొంతులో పడితే ఆ భయం పోతుంది, ఎందుకంటే అది చెప్పి రాయించిన పుస్తకం. ఎవరైనా మొదలుపెడితే నాటక సమాజం ఘట్టంతో మొదలుపెట్టమని నా కోరిక. చదివేవాళ్ళు గోదావరి జిల్లాలవాళ్ళయితే మరీ మంచిది.